గెలుపు ఖాయం... గుండెల్లో దడ!

ఆడబోయేది ఓ చిన్న జట్టుతో. గెలుస్తామని ఊరందరికీ తెలుసు. అయినా పొద్దున్నే జెండాలు కట్టుకుని బయల్దేరతారు... ఒకరా ఇద్దరా, లక్షమందికి పైనే! అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో కాలేజీ ఫుట్‌బాల్ సంబరం చూడాలంటే పెద్ద మ్యాచ్ రోజునే వెళ్లక్కర్లేదు. ఇలాంటి 'తేలిక' మ్యాచ్ రోజున వెళ్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

డెట్రాయిట్ విమానాశ్రయంలో దిగి పడమరగా ఓ అరగంట కారులో వెళ్తే ఆన్ ఆర్బర్ వస్తుంది. జనాభా లక్షా పాతిక వేలకు అటూ ఇటూ. పచ్చని చెట్లు, పాత ఇటుక భవనాలు, కాఫీ కొట్ల ముందు కబుర్లాడుకునే విద్యార్థులు... మిషిగన్ విశ్వవిద్యాలయమే ఈ ఊరికి ప్రాణం. 1817లో డెట్రాయిట్‌లో పుట్టిన ఆ చదువుల కోవెల 1837లో ఇక్కడికి మారింది. కాంటన్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, ట్రాయ్... చుట్టుపక్కల ఊళ్లలో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. కొందరు కార్ల కంపెనీల్లో, కొందరు సాఫ్ట్‌వేర్‌లో. పిల్లల్ని చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలు నోవైలో వేంకటేశ్వరస్వామిని దర్శించుకున్నాక, ఒక రోజంతా తిరిగి రావడానికి బాగుండే ఊరిది.

ఏడాదంతా తన పని తాను చేసుకుపోయే ఈ ఊరు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఏడెనిమిది శనివారాలు మాత్రం తిరునాళ్లను తలపిస్తుంది!

శుక్రవారం బడి... శనివారం కాలేజీ

ముందుగా ఓ మాట. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. కోలగా, రెండు కొసలూ మొనదేలిన బంతిని చేత్తో విసురుతూ, చంకలో పెట్టుకుని పరిగెడుతూ, అడ్డొచ్చినవాళ్లను గుద్దుకుంటూ ఆడే ఆట. మైదానం పొడవు 100 గజాలు. జట్టుకు 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. లేదంటే బంతి ఎదుటివాళ్లకు వెళ్లిపోతుంది. బంతితో చివరి గీత దాటితే టచ్‌డౌన్... ఆరు పాయింట్లు. రెండు స్తంభాల మధ్య నుంచి వెళ్లేలా తంతే ఫీల్డ్ గోల్... మూడు పాయింట్లు.

అమెరికాలో వారాంతాన్ని ఈ ఆట పద్ధతిగా పంచేసుకుంది. శుక్రవారం రాత్రి హైస్కూలు పిల్లలది. శనివారం కాలేజీలది. ఆదివారం వృత్తి ఆటగాళ్లది. కాలేజీ జట్లన్నీ 'కాన్ఫరెన్స్'లనే కూటములుగా ఉంటాయి. మిషిగన్ ఉన్న కూటమి పేరు బిగ్ టెన్. పేరులో పదే కానీ 2024 నుంచి అందులో ఉన్న జట్లు 18!

'కప్‌కేక్' వచ్చిందోచ్!

సీజన్ మొదట్లో పెద్ద విశ్వవిద్యాలయాలు చిన్న కూటముల జట్లను తమ ఊరికి ఆహ్వానిస్తాయి. అభిమానులు వాటికి పెట్టుకున్న ముద్దుపేరు కప్‌కేక్. ఒక్క గుటకలో మింగేయొచ్చని! పిలిచేది ఊరికే కాదు, డబ్బిచ్చి. పెద్ద జట్టుకు సొంతగడ్డ మీద ఒక మ్యాచ్, నిండిన స్టేడియం, తొలి వారాల్లో కాస్త కాళ్లూచేతులూ ఆడించుకునే వీలు దొరుకుతాయి. చిన్న విశ్వవిద్యాలయానికేమో ఆ ఒక్క మ్యాచ్‌తో క్రీడా విభాగం ఖర్చుల్లో చెప్పుకోదగ్గ మొత్తం వచ్చేస్తుంది. ఓడిపోయినా చెక్కు చెక్కే.

అందుకే ఆ వారమంతా అభిమానుల మాటల్లో 'గెలుస్తామా' అన్న ప్రశ్నే వినిపించదు. 'ఎంత తేడాతో?' అన్నదే చర్చ. నలభై పాయింట్లా, యాభయ్యా? కొత్త క్వార్టర్‌బ్యాక్ బంతి ఎలా విసురుతాడో? విరామానికల్లా ఆట తేలిపోతే బెంచీ మీది కుర్రాళ్లను ఎప్పుడు దింపుతారు? ముఖ్యమైనవాళ్లకు దెబ్బలు తగలకుండా ఉంటే చాలు... ఇలా సాగుతుంది లెక్క. చిన్నపామునైనా పెద్దకర్రతో కొట్టాలనే పెద్దమనుషులు మాత్రం ప్రతి గుంపులోనూ ఒకరిద్దరుంటారు. వాళ్ల భయం ఎందుకో తర్వాత చెప్పుకుందాం.

కారు వెనక వంటశాల

మ్యాచ్ మధ్యాహ్నమైతే సందడి పొద్దున్నే మొదలు. స్టేడియం పక్కనే విశ్వవిద్యాలయం గోల్ఫ్ మైదానం ఉంది. మామూలు రోజుల్లో బూటు మచ్చ కూడా పడనివ్వని ఆ పచ్చిక మీద ఆ రోజు వరసలు వరసలుగా కార్లే! డిక్కీ తలుపులు తెరిచి, మడత కుర్చీలు వేసి, బొగ్గుల పొయ్యి రాజేస్తారు. దీన్ని 'టెయిల్‌గేటింగ్' అంటారు. మన కార్తీక వనభోజనాల్లాంటిదే అనుకోండి. కాకపోతే ఉసిరిచెట్టు బదులు కారు డిక్కీ, పులిహోర బదులు బర్గర్లు. తాత, కొడుకు, మనవరాలు ముగ్గురూ ఒకే రంగు చొక్కాల్లో కనిపిస్తారు. ఇక్కడి రంగులు రెండే... మొక్కజొన్న పసుపు, ముదురు నీలం. ఎదురైన అపరిచితుడు 'గో బ్లూ' అంటే తిరిగి 'గో బ్లూ' అనాలి. అదే అక్కడి నమస్కారం.

ఆట మొదలయ్యే వేళకు విశ్వవిద్యాలయం బ్యాండు వీధి వెంట కవాతు చేస్తూ స్టేడియానికి వస్తుంది. వాళ్లు వాయించే 'ద విక్టర్స్' పాటను 1898లో లూయీ ఎల్బెల్ అనే విద్యార్థి రాశాడు. ఈ ఊళ్లో ఆ బాణీ రానివాళ్లు అరుదు.

భూమిలో దాగిన 'పెద్దిల్లు'

మిషిగన్ స్టేడియాన్ని అందరూ ముద్దుగా 'బిగ్ హౌస్' అంటారు. 1,07,601 మంది పట్టే ఈ కట్టడం అమెరికాలోకెల్లా పెద్ద స్టేడియం. అహ్మదాబాద్‌లోని మన నరేంద్ర మోదీ స్టేడియం దీనికన్నా పెద్దది. కానీ అక్కడ దేశాలూ ఐపీఎల్ జట్లూ ఆడతాయి. ఇక్కడ ఆడేది చదువుకునే కుర్రాళ్లు! దీని చాలా భాగం భూమట్టానికి దిగువనే ఉంటుంది. అందుకే ద్వారం దాటి లోపలికి అడుగుపెట్టగానే కాళ్ల ముందు ఓ లోయ తెరుచుకున్నట్టు ఉంటుంది. ఆ లోయ నిండా పసుపు!

సీట్ల సంఖ్య చివర ఆ ఒకటి ఎందుకో తెలుసా? పాత శిక్షకుడు ఫ్రిట్జ్ క్రిస్లర్ గౌరవార్థం ఒక సీటు ఉంచారని చెబుతారు. అది ఎక్కడుందో మాత్రం రహస్యం. 1975 నుంచి ఇక్కడ జరిగిన ప్రతి మ్యాచ్‌కీ లక్షకు తగ్గకుండా జనం వచ్చారు, కొవిడ్ వల్ల గేట్లు మూసిన 2020 సీజన్ తప్ప. అంటే ఎదుట ఉన్నది హేమాహేమీలైనా, కప్‌కేకైనా లెక్క అంతే.

ఇంకో విశేషం... 1927 అక్టోబరు 1న ఈ స్టేడియంలో జరిగిన మొట్టమొదటి మ్యాచ్ కూడా ఓ చిన్న కాలేజీతోనే. ఓహాయో వెస్లియన్ మీద మిషిగన్ 33-0తో గెలిచింది. ఎనభై ఏళ్ల తర్వాత మాత్రం లెక్క తప్పింది.

ఆ 26 సెకన్లు

2007 సెప్టెంబరు 1. దేశంలో అయిదో ర్యాంకులో ఉన్న మిషిగన్‌కు అది సీజన్ తొలి మ్యాచ్. ఎదుట నార్త్ కరోలినా కొండల్లోని బూన్ అనే చిన్న ఊరి జట్టు అపలాచియన్ స్టేట్. బూన్ జనాభా ఇప్పటికీ 20 వేల లోపే. ఊరు ఊరంతటినీ అయిదుసార్లు తెచ్చి కూర్చోబెట్టినా బిగ్ హౌస్ నిండదు! పైగా వాళ్లు ఆడేది రెండో శ్రేణిలో. అప్పట్లో పెద్ద జట్లు 85 మంది ఆటగాళ్లకు స్కాలర్‌షిప్పులు ఇవ్వగలిగితే, ఆ శ్రేణికి 63 స్కాలర్‌షిప్పులతోనే సరి. వచ్చి ఆడినందుకు వాళ్లకు ఇచ్చింది 4 లక్షల డాలర్లు. ఆ శ్రేణిలో 2005, 2006 ఛాంపియన్లు వాళ్లేనన్న సంగతిని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఆ రోజు వచ్చిన జనం 1,09,218 మంది. విరామానికి స్కోరు చూసి అందరూ నోళ్లు తెరిచారు... అపలాచియన్ 28, మిషిగన్ 17! క్వార్టర్‌బ్యాక్ అర్మాంటి ఎడ్వర్డ్స్ చేపపిల్లలా జారిపోతుంటే పట్టుకునేవాళ్లే లేరు. నాలుగో భాగంలో మైక్ హార్ట్ 54 గజాలు పరిగెత్తి మిషిగన్‌ను 32-31తో ముందుకు తెచ్చాడు. హమ్మయ్య అనుకునేలోపే, మరో 26 సెకన్లు ఉందనగా జూలియన్ రౌచ్ ఫీల్డ్ గోల్ కొట్టాడు. 34-32. మిషిగన్ వదల్లేదు. ఒక్క పొడుగాటి పాస్‌తో గోల్ దగ్గరకు దూసుకొచ్చింది. మిగిలింది ఆరు సెకన్లు. 37 గజాల దూరం నుంచి ఒక్క తాపు... వెళ్తే గెలుపే! కోరీ లించ్ గాల్లోకి లేచి బంతిని అడ్డుకున్నాడు. లక్షమంది ఉన్నచోట ఒక్కసారిగా నిశ్శబ్దం.

అక్కడ బూన్‌లో సంబరాలు మిన్నంటాయి. విద్యార్థులు తమ స్టేడియంలోకి చొరబడి గోల్ స్తంభాన్ని పెకలించి, ఊరేగిస్తూ ఛాన్సలర్ ఇంటి ముందుకు మోసుకెళ్లారు. ర్యాంకుల జాబితా వచ్చేసరికి మిషిగన్ అయిదో స్థానం నుంచి ఏకంగా తొలి 25లో లేకుండా పోయింది. రెండో శ్రేణి జట్లకూ ర్యాంకింగ్‌లో ఓట్లు వేసేలా అసోసియేటెడ్ ప్రెస్ తన నిబంధననే మార్చుకుంది.

ఏ పుట్టలో ఏ పాముందో...

ఆ తర్వాత కూడా ఇలాంటివి జరిగాయి. 2008లో పొరుగు రాష్ట్రం ఓహాయో నుంచి వచ్చిన టొలిడో ఇదే స్టేడియంలో 13-10తో మిషిగన్‌ను ఓడించింది. సొంత కూటమిలో ఇండియానా అంటే అభిమానులకు ఏళ్ల తరబడి అలుసే... వరసగా 24 సార్లు ఓడించారు మరి! 2020లో ఆ వరుస తెగింది. పెద్ద శ్రేణికి ఎదిగిన అపలాచియన్ 2014లో మళ్లీ ఆన్ ఆర్బర్‌కు వస్తే మిషిగన్ 52-14తో పాత బాకీ కొంత తీర్చుకుంది. అదే అపలాచియన్ 2022లో టెక్సస్ ఎ అండ్ ఎం నుంచి 15 లక్షల డాలర్లు తీసుకుని, వెళ్లి, 17-14తో వాళ్లనే ఓడించి వచ్చింది. డబ్బిచ్చి ఓటమి కొనుక్కోవడమంటే అదే!

అందుకే ఈ ఊళ్లో 'తేలిక' మ్యాచ్‌కు ముందు వినిపించే నవ్వుల్లో ఓ సన్నని వణుకు ఉంటుంది. పెద్ద జట్టు మీద గెలిస్తే తరతరాలు చెప్పుకుంటారు, ఓడినా అర్థం చేసుకుంటారు. చిన్న జట్టు మీద గెలిస్తే ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఓడితే ఎవరూ మరచిపోరు. 2023 సీజన్‌లో ఒక్క ఓటమీ లేకుండా జాతీయ ఛాంపియన్ అయిన మిషిగన్‌ను ఏడిపించాలనుకునే ప్రత్యర్థి అభిమాని ఇప్పటికీ తీసే పేరు అపలాచియనే!

మీరూ వెళ్లొచ్చు

ఇలాంటి మ్యాచ్‌లకు టిక్కెట్లు మామూలుగా పెద్ద పోటీలకన్నా చౌకగా, సులువుగా దొరుకుతాయి. పెద్ద బ్యాగులతో వెళ్లొద్దు, లోపలికి రానివ్వరు. సెప్టెంబరులో అయితే ఎండకు టోపీ, అక్టోబరు దాటితే స్వెట్టరు తప్పనిసరి. ఉదయం క్యాంపస్ చూసి, కాలినడకన జనంతో కలిసి స్టేడియానికి వెళ్తే ఆ సందడే వేరు. విరామంలో బ్యాండు ప్రదర్శనను మాత్రం వదులుకోకండి.

లోపల కూర్చున్నాక ఒక్కసారి ఎదుటి జట్టు అభిమానుల వైపు చూడండి. అంత పెద్ద లోయలో ఓ మూలన గుప్పెడు మంది, వేరే రంగు చొక్కాలతో కనిపిస్తారు. గంటల తరబడి ప్రయాణం చేసి వచ్చినవాళ్లు. వాళ్లకూ లెక్కలు తెలుసు. అయినా బంతి గాల్లోకి లేచిన ప్రతిసారీ లేచి నిలబడతారు!