పురానాపూలు వరకు

హైదరాబాదు చూడవచ్చిన సోదరీమణులు చార్మినారు ఎక్కెదరు, లాడ్‌బజారులో గాజులు కొనెదరు, సాలారుజంగు మ్యూజియములో గడియారపు బొమ్మ గంట కొట్టువేళకు పరుగెత్తుకొని పోయెదరు. పురానాపూలు చూచి వచ్చితిమని చెప్పినవారు మాకింతవరకు కనబడలేదు. వారినననేల? దూద్‌బౌలిలో కాపురముండి, ఆ వంతెనకు ఇరువది నిమిషముల నడకదూరములో ఇరువదేండ్లు గడపిన మేమే దానిమీద అడుగుపెట్టియుండలేదు. మేమనగా ఒకే యింటి తోడికోడండ్రము ఇరువురము. పెద్దవారికి నడుమునొప్పి, చిన్నవారికి మెడనొప్పి. ఈ రెండు నొప్పులును కలిసి మమ్ము ఆ వంతెన చూపించినవి.

ముందుగా మా అత్తగారి సంగతి చెప్పవలెను. ఆమె ఒకప్పుడు అటకమీది ఊరగాయ జాడీలను పీట వేసికొనకయే దింపెడి మనిషి. ఏటేట ఆమె వీపు కొంచెము కొంచెము వంగుచుండుట మేము చూచుచునే యుంటిమి. వయసు మీరినచో వంగుట సహజమే యనుకొంటిమి. నిరుడు సగము నీళ్లున్న బొక్కెన ఎత్తబోయి వీపు పట్టుకొని కూలబడిరి. ఛాయాపటము తీయించగా ఒక వెన్నుపూస నలిగియున్నది. అంతేకాదు, దానిపైన వేరొకటి ఏండ్ల క్రిందటనే నలిగి అట్లే అతుకుకొని యున్నది. వైద్యుడు ఆశ్చర్యపడి, "అమ్మా, ఇది పాతది. అప్పుడు నొప్పి పుట్టలేదా?" అని అడిగెను. "పుట్టినది నాయనా, అప్పుడు అమ్మాయి పెండ్లిపనులలో ఉంటిని" అని ఆమె బదులు చెప్పిరి.

మేమిరువురము ఒకరి ముఖమొకరు చూచుకొంటిమి. ముట్లుడిగిన పిదప స్త్రీల యెముకలు త్వరత్వరగా పలుచబడుననియు, అట్టి వెన్నుపూస పడకపోయినను, తుమ్మినను, బరువెత్తినను నలుగవచ్చుననియు వైద్యుడు చెప్పెను. గూనివీపు వార్ధక్యమునకు గుర్తు మాత్రమే కాదు, కొన్నిసారులు ఎవ్వరును చూడని ఎముక విరుగుటకు గుర్తు కావచ్చును. మా నొప్పులను గూర్చి మేము కూడ పదేండ్లుగా ఇదేవిధముగా "ఈ పండుగ కానిమ్ము, ఈ పరీక్షలు కానిమ్ము" అని చెప్పుకొనుచుంటిమి.

అంతకుముందు మేమేమియు చేయలేదని కాదు. చేసినదంతయు సోమరి చికిత్స. పెద్దవారు నడుమునకు గట్టి బెల్టు కొని, దానిని బిగించుకొనియే వంట చేసిరి. చిన్నవారు మెడకు పట్టీ వేసికొని, ఆ పట్టీతోనే గంటలకొలది కుట్టుయంత్రము ముందు కూర్చుండిరి. ఒకమారు నడుము కదలనీయనప్పుడు రెండు వారములు మంచము దిగకుండుట జరిగినది. దిగిన నాడు కాళ్లు వణకినవి గాని నొప్పి పోలేదు.

కడకు ఒక సర్కారు దవాఖానాలో కండరములకు వ్యాయామము నేర్పు ఒక అమ్మాయి కడకు పంపబడితిమి. ఆమె మా కాళ్లు లేపించి, మెడలు త్రిప్పించి, చివరకు చెప్పినదేమనగా: దినమునకు అరగంట నడవుడు, నాలుగు కదలికలు చేయుడు, పడుకొని యుండకుడు. "మందు లేదా?" అని అడిగితిమి. లేదని నవ్వినది. ఆ దినమున మాకు చాల నిరాశ కలిగిన మాట దాచనేల? ఇరువదేండ్ల నొప్పికి అరగంట నడకయా!

కాని పిదప చదువగా ఆ అమ్మాయి మాటయే ప్రపంచమంతట చెప్పుచున్న మాట యని తెలిసినది. 2020 సంవత్సరములో ప్రపంచమున నడుమునొప్పితో బాధపడినవారు దాదాపు 61 కోట్ల 90 లక్షల మంది యని శాస్త్రజ్ఞులు లెక్క వేసిరి. అందు పురుషులకంటె స్త్రీలే యధికము. 2050 నాటికి ఆ సంఖ్య 84 కోట్లు దాటునని అంచనా. ఏ ప్రత్యేక వ్యాధియు కారణముగా కనబడక మూడు నెలలకు మించి యుండు నడుమునొప్పిని గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో సూచనలు ప్రకటించినది. వ్యాయామము, నొప్పిని గూర్చిన బోధన, మర్దనము వంటివి పనికివచ్చునని చెప్పి, బెల్టులను, బరువులు కట్టి నడుమును లాగు చికిత్సను వలదన్నది. మా బెల్టు నాటినుండి అటకమీద, ఊరగాయ జాడీల ప్రక్కన నున్నది.

ఇక అరగంట ఎక్కడనుండి తెచ్చుట? ఇంటిలోనే చేయుదమని చాప పరచుకొంటిమి. పెద్దవారు వెల్లకిల పరుండి మోకాళ్లు ముడిచినంతనే కుక్కరు కూత వేసినది. చిన్నవారు పరుండగానే పాలవాడు పిలిచెను. తరువాత తువాలు ఎక్కడనున్నదని ఒకరు, సాక్సులు ఏవని మరియొకరు. పగటిపూట నేలమీద పరుండియున్న ఇల్లాలిని చూచినచో ఇంటిలోని వారందరికిని ఏదో యొక పని జ్ఞప్తికి వచ్చును. నాలుగు దినములలో చాప చుట్టబడినది.

అప్పుడు మేమొక ఎత్తు వేసితిమి. కూరలు కొనుటకు పోవు ఆడుదానిని ఎవరును ఆపరు. "పురానాపూలు మీద కూరలు చవుకయట, ప్రొద్దుటనే పోయి తెత్తుము" అని చెప్పి బయలుదేరితిమి. వ్యాయామమునకని చెప్పియున్నచో సెలవు దొరకెడిది కాదని మా నమ్మకము.

దూద్‌బౌలి సందులు దాటి పోగా పురానాపూలు దర్వాజా ఎదురగును. నగరమునకు చుట్టును ప్రాకారమున్న దినములలో అనేక ద్వారములుండెడివి. నేటికి మిగిలినవి ఇదియు, దబీర్‌పురా దర్వాజాయు మాత్రమే. ద్వారము దాటగానే వంతెన. దీనిని ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో కట్టించెను. అనగా 1591లో వెలసిన హైదరాబాదు నగరముకంటె ఈ వంతెన 13 ఏండ్లు పెద్దది. అప్పటికి గోలకొండ నుండి మూసీ దాటుటకు ఇదే దారి. పొడవు 600 అడుగులు, వెడల్పు 35 అడుగులు, క్రింద 22 కమానులు. ఫ్రాన్సు దేశపు యాత్రికుడు టావెర్నియే 17వ శతాబ్దిలో దీనిని చూచి, తమ పారిసు నగరపు పేరుగన్న వంతెనకు ఇది ఏమంత తీసిపోదని వ్రాసెను. రాకుమారుడు మహమ్మద్ కులీ భాగమతిని చూడ వరదలో గుఱ్ఱమును దూకించుటచేత తండ్రి భయపడి వంతెన కట్టించెనని కథ. ఆ రాకుమారుడు 1565లో పుట్టెను గనుక వంతెన పూర్తియగునాటికి 13 ఏండ్ల బాలుడు. ప్రేమకథ మాట ఎట్లున్నను, కొడుకు నీళ్లలో దిగునని తలిదండ్రులు భయపడుటకు అది తగిన వయస్సే!

వంతెనకు ఆపదలు తక్కువ కాలేదు. 1820 వరదకు దెబ్బతినగా సికందర్ జా కాలమున బాగుచేసిరి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది ప్రాణములను తీసికొన్నప్పుడును దెబ్బతినెను, మరల బాగుచేసిరి. దెబ్బ తగిలిన ప్రతిసారియు మరమ్మతు చేయుటచేతనే 400 ఏండ్లు దాటి నిలిచియున్నది. నేడు బండ్లన్నియు ప్రక్కనున్న క్రొత్త వంతెన మీదుగా పోవుచుండగా, పాతదానిమీద కూరగాయల అంగడి కూర్చున్నది. క్రింద పారు మూసీ మాత్రము చూడదగినది కాదు. నగరపు మురుగు మోయుచున్న ఆ నీటిమీద గాలి వీచినప్పుడు, ఆరోగ్యమునకై వచ్చిన మేము కొంగులతో ముక్కులు మూసికొనవలసివచ్చినది.

మొదటి దినమున వంతెన నడుమకు వచ్చుసరికి పెద్దవారు నిలువలేక అక్కడనే క్రింద కూర్చుండబోయిరి. ఆకుకూరలమ్ము ఒక ముసలామె తన క్రిందనున్న ప్లాస్టిక్ డబ్బాను ఇటు జరిపి, "ఏందమ్మా, అట్ల నడుము పట్టుకున్నవ్? కింద కూసోకు, ఈ డబ్బ మీద కూసో" అన్నది. తెల్లవారుజామునుండి కూర్చుండు నీకు నడుము నొప్పి లేదా యని అడిగితిమి. "నొయ్యకెట్లుంటది? గని గంటకోపారి లేస్త, ఆ కొసదాక పోయొస్త. కూసున్నకాడనే కూసుంటే నడుము కట్టెలెక్క అయితది." నీవు పోయినప్పుడు కూరలెవరు చూతురని అడుగగా ప్రక్కనున్న టమాటాల ఆమెను చూపించినది. "ఆమె లేస్తె నేను చూస్త."

ఒకే కప్పు క్రింద ఇరువదేండ్లున్న మాకు ఈ యేర్పాటు తోచకపోవుట చూడుడు. ఒకరికి తీరినప్పుడు మరియొకరికి తీరలేదని, ఇద్దరమును మానుకొనుచుంటిమి.

మా సంచిని చూచి కూడ ఆమె ఊరకుండలేదు. మేము కూరలన్నియు ఒకే సంచిలో కుక్కి ఒక భుజమునకు తగిలించుకొనుట అలవాటు. ఆమె దానిలో సగము తీసి మరియొక సంచిలో వేసి రెండు చేతులకిచ్చినది. మనిషి తల బరువు 4, 5 కిలోలుండును. తల ముందుకు వంచినకొలది మెడకండరములు మోయవలసిన భారము కొన్ని రెట్లు పెరుగును. కత్తిపీట ముందు, కుట్టుయంత్రము ముందు, చేతిఫోను ముందు మనము వంచునది ఆ తలనే. అంత భారము మోసిన మెడకు ప్రక్కన మరల కూరలసంచి యేల?

ఆ అమ్మాయి నేర్పిన కదలికలలో మూడు నిలిచియే చేయదగినవి. గడ్డమును క్రిందికి వంచక తిన్నగా వెనుకకు లాగి ఐదు అంకెలు లెక్కించుట, భుజపు పలకలను వెనుక ఒకదానికొకటి చేర్చుట, నడుముమీద చేతులుంచి మెల్లగా వెనుకకు వాలుట. వీనిని వంతెన గోడ ప్రక్క నిలిచి చేసితిమి. మొదట సిగ్గుపడితిమి గాని బేరములలో మునిగియున్నవారు మమ్ము చూడనే లేదు. నాలుగవది మాత్రము ఇంటికి వచ్చి చాపమీద చేయవలసినది: వెల్లకిల పరుండి, మోకాళ్లు ముడిచి, పాదములు నేలకానించి, నడుమును పైకెత్తి నిలుపుట. దీనినే యోగశాస్త్రమున సేతుబంధాసనమందురు. పెద్దవారు చాపమీద నడుమెత్తినప్పుడు చిన్నవారు "ఇదిగో ఇరువదిమూడవ కమాను" అనిరి. నవ్వుచేత ఆనాడది క్రింద పడినది.

రెండు నెలలకు నొప్పి పూర్తిగా పోయినదని వ్రాసినచో అబద్ధమగును. వాన ముసురుకొన్న దినములలో నడుము తన ఉనికిని చెప్పుచునే యున్నది. అయినను రాత్రి ప్రక్క మార్చుకొనుటకు మంచపుకోడు పట్టుకొనవలసిన పని తప్పినది. మెడనుండి చేతికి జారు తిమ్మిరి వారమునకొకమారయినది. ఒక మాట మాత్రము మరువవలదు. కాలు బలహీనమైనను, తొడల నడుమ స్పర్శ తెలియకున్నను, మూత్రము ఆగకున్నను, కట్టుబడినను, జ్వరముతో గాని, పడిన తరువాత గాని నొప్పి పుట్టినను నడకలతో కాలము పుచ్చక వెంటనే దవాఖానాకు పోవలెను. ఏబది యేండ్లు దాటినవారు ఎముకల బలమును పరీక్షింపజేసికొనవలసినదని మా అత్తగారి ఛాయాపటము మాకు చెప్పినది.

మా ఎత్తు ఎంతోకాలము దాగలేదు. దినమును కూరలేల, ఇంటిలో గోంగూర కుళ్ళుచున్నదని అత్తగారే పట్టుకొనిరి. ఉన్న సంగతి చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటలాడక, "పాలు నేను చూచెదను, పోయి రండు" అనిరి. నాటినుండి ప్రొద్దుట ఆరు మొదలు ఆరున్నర వరకు వంటయిల్లు ఆమెది. ఎవరైన సాక్సులడిగినచో అత్తగారి చేతికర్ర గట్టిగా చప్పుడు చేయును.

నడవవచ్చునని వైద్యుడు చెప్పిన పిదప, మొన్నటి ఆదివారమున ఆమె మాతో వచ్చెదననిరి. దర్వాజా వరకు ఆటోలో తెచ్చితిమి. అక్కడనుండి కర్ర ఊతతో, మూడుచోట్ల ఆగుచు, ఆకుకూరల ముసలామె కడకు వచ్చిరి. ఆమె అడుగకయే డబ్బా జరిపినది. అత్తగారు కూర్చుండి గోంగూర కట్టను చేతిలో త్రిప్పి చూచి, "ఇంత సన్ననిదానికి పది రూపాయలా?" అని మొదలుపెట్టిరి. ఒకరినొకరు మించిన బేరగత్తెలు, పావుగంట గడచినది. చివరకు పదునైదుకు రెండు కట్టలు తీసికొని, మోకాళ్లమీద చేతులానించి తానే లేచి, "ఆ కొసన ఏమున్నది?" అని అడిగిరి. కార్వానుకు పోవు దారి యని చెప్పితిమి. చూచి వత్తమని ముందుకు నడచిరి. గోంగూర సంచి మాత్రము మా చేతికిచ్చిరి.