పగిడేరు వేడినీళ్ళు

ఎల్బీ నగర్ చౌరస్తాలో ఖమ్మం బస్సుకోసం నిలబడ్డ మనిషికి రెండు తప్పవు: ఒకటి దుమ్ము, రెండవది నీళ్ళ టాంకరు. ఎండాకాలం వచ్చిందంటే ఈ కాలనీల్లో పెళ్ళిసంబంధాలకంటె బోర్ల సంగతే ఎక్కువగా మాట్లాడుకుంటారు. మా బావగారు తమ బోరును రెండుసార్లు లోతు చేయించి, విసిగి, ఇంకుడుగుంత తవ్వించారు. "తీసినదాంట్లో కొంతైనా తిరిగి పోయకపోతే భూదేవి మాత్రం ఎక్కడినుంచి తెచ్చిస్తుందోయ్?" అన్నారు నన్ను బస్సెక్కిస్తూ. నేను వెళ్ళేది మణుగూరు ప్రాంతానికి. అక్కడ నీరు తోడకుండానే పైకి వస్తుంది, అదీ కాగినది!

సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం దాటి పాల్వంచ చేరితే, ఇక అంతా బొగ్గు రాజ్యమే. మణుగూరు దగ్గర 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉంది. ఆ ఏనుగు ముందు చీమలాంటిది పగిడేరు గ్రామంలోని భూతాప విద్యుత్కేంద్రం. దాని శక్తి 20 కిలోవాట్లు. లెక్క వేశాను: ఏనుగు చీమకు 54,000 రెట్లు. నవ్వుకోవచ్చు గాని, చీమకు బొగ్గు అక్కర్లేదు.

బొగ్గుకోసం బోర్లు వేస్తే ఇక్కడ వేడినీరు తన్నుకువచ్చింది. ఏళ్ళ తరబడి ఊరికే పారింది. చివరకు సింగరేణి సంస్థ, ఢిల్లీలోని శ్రీరామ్ పారిశ్రామిక పరిశోధన సంస్థ సాయంతో, 2022 నాటికి ఈ ప్రయోగకేంద్రాన్ని ఏర్పాటు చేసింది. ఈ నీటి ఆవిరితోనే నేరుగా మర తిప్పుదామంటే వేడి చాలదు. అందుచేత తక్కువ వేడికే మరిగే మరో ద్రవాన్ని గొట్టాల్లో ఉంచి, దానికి ఈ వేడి తగిలిస్తారు. అది ఆవిరై మరను తిప్పి, చల్లబడి, మళ్ళీ ద్రవమై వెనక్కి వస్తుంది. పాలగిన్నెను వేడినీళ్ళలో పెట్టి వెచ్చచేసే ఇల్లాలికి ఇందులో వింతేమీ కనిపించదు.

పెట్టడం ఒక ఎత్తు, ఏళ్ళ తరబడి నడపడం ఒక ఎత్తు. ఇటలీలోని లార్డెరెల్లోలో 1904లో భూమి ఆవిరితో అయిదు దీపాలు వెలిగించారు. నేటికీ అక్కడ కరెంటు పుడుతూనే ఉంది. న్యూజిలాండ్‌లో వైరాకీ కేంద్రం 1958లో మొదలైంది. వాడిన నీటిని చాలా ఏళ్ళు నదిలోకి వదిలేశారు. ఒకచోట నేల పది మీటర్లకు పైగా కుంగింది. కాలిఫోర్నియాలో గీజర్స్ అనేచోట 1960లో మొదలుపెట్టి, లాభం చూసి, కేంద్రంమీద కేంద్రం కట్టారు. 1980ల చివరికి ఆవిరి తగ్గుముఖం పట్టింది. పాతాళంలో పొయ్యి మండుతూనే ఉంది, ఎసరే లేదు! ఏం చేశారంటారా? ఊళ్ళ మురుగునీటిని శుద్ధిచేసి, 1997 నుంచి ఆ రాళ్ళలోకి ఎక్కించసాగారు. 2003లో శాంటా రోసా పట్నంనుంచి మరో గొట్టం వేశారు, పొడవు 60 కిలోమీటర్ల పైమాటే. తరుగుదల నెమ్మదించింది. మా బావగారి ఇంకుడుగుంతే, కాస్త పెద్దది.

ఈ కథ పగిడేరు చేలగట్టున ఒక పెద్దాయనకు చెప్పాను. ఆయన చేనికి ఆ వేడినీళ్ళే చల్లారి పారతాయి. శ్రద్ధగా విని, "గట్ల నీళ్ళన్నీ మళ్ళ భూమిలకే పంపితే, మా పొలానికేం పారుతది సారూ?" అన్నాడు.

గీజర్స్ ఇంజనీర్లకు ఈ ప్రశ్న వేసిన రైతు ఎవరైనా ఉన్నాడో లేడో! 20 కిలోవాట్లకు ఈ తగాదా రాదు. రేపు పెద్ద కేంద్రం కట్టదలిస్తే మాత్రం, ఎంత నేలకు, ఎంత చేనుకు అన్నది యంత్రాలు బిగించకముందే ఆయన్ను కూర్చోబెట్టుకుని కాగితంమీద పెట్టాలి. ఆ మాటే ఆయనతో అన్నాను. "కాగితం మాకు గూడ ఒకటియ్యాలె," అన్నాడు.