ట్రిప్టోఫాన్‌లో ఎవరి వాటా ఎంత

“మా అత్తమ్మ ఒంటేలు వంకాయ రంగుల వస్తున్నది సార్” అని మహబూబ్‌నగర్‌లో ప్రాక్టీసు చేసే ఒక ఫిజీషియన్‌కు ఫోను వచ్చింది. కోడలి గొంతులో భయం కన్నా అనుమానమే ఎక్కువగా ఉంది. రాత్రిపూట కాపలా ఉండే ఆయమ్మ సంచిలో ఏదో పోసిందేమోనని ఆమె సందేహం. పెద్దావిడకు తుంటి ఎముక విరిగింది. గుండె బలహీనంగా ఉండటంతో ఆపరేషన్ చేయలేదు. నెలల తరబడి మంచం మీదే ఉంది, కాథెటర్ కూడా అప్పటినుంచే ఉంది. డాక్టరుగారు వెళ్లి చూస్తే మంచం కోడుకు వేలాడుతున్న సంచి, దానిలోకి దిగే గొట్టం నిజంగానే ఊదారంగులో ఉన్నాయి. మూత్రాన్ని గాజు గ్లాసులోకి వంపి చూశారు. అందులో అంత రంగు లేదు, కాస్త మడ్డిగా ఉందంతే. రంగంతా ప్లాస్టిక్‌కు పట్టింది. ఒళ్లు పట్టి చూస్తే జ్వరం లేదు. అప్పుడాయన కోడలిని అడిగింది మూత్రం సంగతి కాదు.

“ఆమెకు మోషన్ అయి ఎన్ని రోజులైందమ్మా?”

వారం కావస్తోందట.

ఆయమ్మ తప్పేమీ లేదని ఇంటివాళ్లకు నచ్చజెప్పడానికి ఆయనకు చాలాసేపే పట్టింది. మనం తినే పప్పు, పాలు, గుడ్డు, మాంసం అన్నిటిలోనూ ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. శరీరం తనంతట తాను తయారుచేసుకోలేని తొమ్మిది అమైనో ఆమ్లాల్లో అదొకటి. 1901లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ గౌలండ్ హాప్కిన్స్, సిడ్నీ కోల్ కలిసి దాన్ని మొదటిసారి విడదీశారు. చిన్నపేగు గ్రహించగా మిగిలింది పెద్దపేగులోకి దిగుతుంది. అక్కడ ఇ.కోలై వంటి బ్యాక్టీరియా దాన్ని విరిచి ఇండోల్ అనే పదార్థం చేస్తాయి. మలం కదలకుండా ఎంతకాలం నిలిస్తే వాటికి అంత తీరిక. ఇండోల్ రక్తంలో కలిసి కాలేయం చేరుతుంది. కాలేయం దానికి సల్ఫేటు తగిలించి, ఇండాక్సిల్ సల్ఫేటుగా మార్చి మూత్రపిండాలకు అప్పగిస్తుంది. ఇదంతా మీకూ నాకూ రోజూ జరిగేదే. ఈ పెద్దావిడ విషయంలో ఇంకో మెట్టు తోడైంది. కాథెటర్‌లో స్థిరపడిన బ్యాక్టీరియా ఆ సల్ఫేటును ఊడదీసేశాయి. గాలి తగిలాక మిగిలిన పదార్థంలో కొంత ఇండిగోగా, కొంత ఇండిరూబిన్‌గా మారింది. ఒకటి నీలం, రెండోది ఎరుపు. రెండూ కలిస్తే వంకాయ రంగు.

ఆ నీలం ఎక్కడి నీలమో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. కడప, నెల్లూరు ప్రాంతాల్లో రైతులు ఒకప్పుడు మొక్కల నుంచి తీసి ఎగుమతులకు అమ్మిన నీలిమందులో ఉన్నదీ ఇండిగోనే. మొక్కలో అది చక్కెరతో ముడిపడి ఉంటుంది, మనిషి మూత్రంలో సల్ఫేటుతో. ఇక ఇండోల్ విషయానికొస్తే, మలం కంపులో దానికి వాటా ఉంది. బాగా పలచబడితే మల్లెపూల పరిమళంలోనూ ఉంది.

1978లో లాన్సెట్ పత్రికలో మొదటిసారి నివేదించిన ఈ ‘పర్పుల్ యూరిన్ బ్యాగ్ సిండ్రోమ్’కు చికిత్స పెద్దగా ఏమీ లేదు. కాథెటర్, సంచి మార్చారు. మలబద్ధకానికి సిరప్ రాశారు. జ్వరం, ఇతర ఇన్ఫెక్షన్ లక్షణాలు లేవు కాబట్టి యాంటీబయాటిక్ రాయలేదు. ఇలాంటి చోట రంగు చూసి బెదిరి ఖరీదైన ఇంజెక్షన్లు మొదలుపెట్టడం మామూలైపోయిందని ఆయన చిరాకు పడుతుంటారు.

వైద్య విద్యార్థులందరికీ ఇండోల్‌తో పాత పరిచయమే. మైక్రోబయాలజీ ల్యాబులో బ్యాక్టీరియాను పెంచిన గొట్టంలో కోవాక్స్ ద్రావణం కొన్ని చుక్కలు వేస్తే పైన ఎర్రని వలయం తేలుతుంది. ఇండోల్ పాజిటివ్ అని రికార్డులో రాసి బయటపడతారు. ఆ వలయానికీ వార్డులో పడుకున్న మనిషికీ సంబంధం ఉందని ఆ వయసులో ఎవరికీ తోచదు.

ట్రిప్టోఫాన్ కోసం పోటీపడేవి ప్రధానంగా మూడు. శరీరం ప్రోటీన్లు కట్టుకోగా మిగిలిన దానిలో 90 శాతానికి పైగా కైనురెనిన్ అనే దారిలో పోతుంది. నియాసిన్ అనే బి3 విటమిన్ ఆ దారి చివర్లోనే పుడుతుంది. ఒకటి రెండు శాతం సెరటోనిన్ అవుతుంది. పేగులోని సూక్ష్మజీవులది మూడో వాటా. అసలు వచ్చేదే తక్కువ: 60 కిలోల మనిషికి రోజూ కావలసింది పావు గ్రాముకు కాస్త అటూ ఇటూ. పంచుకోవలసినది ఇంత కొంచెం కాబట్టి ఏ వాటా పెరిగినా మరొకటి ఎండుతుంది.

ఎండితే ఎలా ఉంటుందో పాలమూరు కూలీ ఒకాయన చేతుల మీద కనిపించింది. ముంబైలో కట్టడం పనికి పోయి, క్షయ పట్టుకుని ఊరికి తిరిగొచ్చాడు. మందులు సక్రమంగానే మింగుతున్నాడు. సాయంత్రమైతే మందు కూడా మానలేదు. మణికట్ల దాకా రెండు చేతుల వెనక చర్మం నల్లబడి, బిరుసెక్కి, పగిలిపోయింది. చొక్కా చేతులు ఎక్కడ ముగుస్తాయో సరిగ్గా అక్కడ గీత గీసినట్టు ఆగింది. మెడ చుట్టూ అలాంటిదే ఒక పట్టీ. ఎండదెబ్బ అని ఒకరు, తామర అని ఇంకొకరు పూతమందులిచ్చారు. నీళ్ల విరేచనాలు, నాలుక ఎర్రగా పూచి కారం తగిలితే మంట. “రాత్రిపూట నిద్రపోడు, ఊకె కోపమొస్తది, చెప్పింది మర్చిపోతుండు” అంది భార్య.

డాక్టరుగారు చొక్కా విప్పించి మెడ చుట్టూ చూడగానే నిర్ణయానికొచ్చారు. అది పెల్లాగ్రా. 1735లో స్పెయిన్‌లోని ఆస్టూరియాస్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు పేద రైతుల్లో గుర్తించిన జబ్బు. మెడ చుట్టూ వచ్చే ఆ పట్టీని నేటికీ కసాల్ కంఠహారమనే పిలుస్తారు. ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారు కావాలంటే బి6 విటమిన్ సాయం తప్పనిసరి. క్షయకు వాడే ఐసోనియాజిడ్ ఆ బి6నే కట్టిపడేస్తుంది. అందుకే దానితోపాటు బి6 మాత్ర కూడా ఇస్తారు. “ఆ చిన్న గోలీ బలానికే గదా” అని ఈయన దాన్ని పక్కన పెట్టేశాడు. మద్యం, చాలీచాలని తిండి మిగతా పని పూర్తిచేశాయి. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ ఉంటేగాని శరీరం ఒక మిల్లీగ్రాము నియాసిన్ చేయలేదు. తిండే సరిగా లేనివాడికి ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? నికోటినమైడ్, బి6 రాసిచ్చారు. నోటి మంట, చిరాకు కొద్దిరోజుల్లోనే తగ్గాయి. చర్మానికి వారాలు పట్టింది. క్షయ మందులు మాత్రం ఒక్కరోజు కూడా ఆపలేదు.

పెల్లాగ్రా గురించి మాట్లాడుతూ హైదరాబాదును విడిచిపెట్టడం కుదరదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అది అంటువ్యాధి కాదు, తిండి లోపమని 1914 నుంచి జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ పోరాడి నిరూపించాడు. 1937లో కాన్రాడ్ ఎల్వెహ్‌యెమ్ నికోటినిక్ ఆమ్లం కుక్కల్లో వచ్చే ఆ కోవ జబ్బును నయం చేస్తుందని చూపాడు. అక్కడి జబ్బుకు మూలం మొక్కజొన్న. అందులో ట్రిప్టోఫాన్ తక్కువ, ఉన్న నియాసిన్ కూడా ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. ఇక్కడ తెలంగాణలో అప్పట్లో తినేది జొన్న. జొన్నలో ట్రిప్టోఫాన్ మరీ అంత తక్కువేం కాదు. అయినా జొన్నరొట్టె మీదే బతికే పేదలు పెల్లాగ్రాతో ఆసుపత్రులకు వస్తూనే ఉండేవారు. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు మారిన, తర్వాతి కాలంలో జాతీయ పోషకాహార సంస్థగా పేరుపడ్డ పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య ఈ చిక్కుముడి పట్టుకున్నారు. జొన్నలో లూసిన్ అనే మరో అమైనో ఆమ్లం మోతాదు మించి ఉంటుందని, అది ట్రిప్టోఫాన్‌ను నియాసిన్‌గా మారనివ్వకుండా అడ్డుపడుతుందని 1960లో లాన్సెట్‌లో రాశారు. ఆ వాదన మీద తర్వాత దశాబ్దాలపాటు చర్చ నడిచింది. వేరే ప్రయోగశాలల్లో ఫలితాలు అన్నీ అలాగే రాలేదు. అయినా ఒక పోషకం ఎంత తిన్నామన్నదే కాదు, పక్కన ఏది తిన్నామన్నదీ ముఖ్యమని పళ్లెం ముందు కూర్చుని ఆలోచించినవాళ్లు వాళ్లు.

ఇప్పుడు జొన్నరొట్టె మళ్లీ వచ్చింది. ఈసారి షుగరు పేషెంట్ల ఇళ్లకు, రెస్టారెంట్ల మెనూలకు. దానివల్ల పెల్లాగ్రా వస్తుందా అని చదువుకున్నవాళ్లు అడుగుతుంటారు. పక్కన పప్పు, పెరుగు, గుడ్డు ఉన్న పళ్లెంలో రాదని ఆయన జవాబు. ఆ రోజుల్లో జబ్బు తెచ్చింది జొన్న ఒక్కటే కాదు, రొట్టె పక్కన పచ్చికారం తప్ప మరేదీ లేకపోవడం. పల్లెల్లో వరి అన్నం పెరిగాక, 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక పెల్లాగ్రా అరుదైందని ఆయన అభిప్రాయం. బియ్యం గొప్పదని కాదు, పళ్లెం మారిందని.

తిండి నిండుగా ఉన్నా ఇదే మచ్చ రావచ్చు. మేనరికపు దంపతుల కొడుకు, బడికి పోయే పిల్లవాడు. ఎండాకాలం వస్తే ముఖం, చేతులు కమిలిపోయేవి. కొన్నాళ్లు నడక తూలేది, మళ్లీ సర్దుకునేది. మూత్ర పరీక్షలో అమైనో ఆమ్లాలు కుప్పలుగా పోతున్నట్టు తేలింది. అది హార్ట్‌నప్ వ్యాధి. 1956లో లండన్ వైద్యులు వర్ణించిన కుటుంబం ఇంటిపేరే జబ్బుకు పెట్టారు. పేగులో, మూత్రపిండంలో ట్రిప్టోఫాన్‌ను లోపలికి మోసే వాహక ప్రోటీను పుట్టుకతోనే చెడి ఉంటుంది. పేగు గ్రహించలేని ట్రిప్టోఫాన్ మొత్తం సూక్ష్మజీవుల పాలవుతుంది. అందుకే వీళ్ల మూత్రంలో ఇండోల్ తాలూకు పదార్థాలు ఎక్కువగా ఉంటాయి. అయితే ఆ జన్యులోపం ఉన్నవాళ్లలో చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా బతికేస్తారు. విడి అమైనో ఆమ్లానికి దారి మూసుకున్నా, రెండు మూడు కలిసిన చిన్న ముక్కలుగా ప్రోటీను వేరే ద్వారం గుండా లోపలికి పోతుంది. పిల్లవాడికి నికోటినమైడ్, ఎండలో పొడుగు చేతుల చొక్కా, రోజూ మాంసకృత్తులు దండిగా ఉన్న భోజనం చెప్పి పంపారు.

పేగులో ఆ వాహకం నిలబడటానికి ఏసీఈ2 అనే ప్రోటీను తోడు కావాలి. కోవిడ్ వైరస్ కణంలోకి దూరేది దాన్ని పట్టుకునే. ఏసీఈ2 లేని ఎలుకల్లో ట్రిప్టోఫాన్ తగ్గి, పేగులోని సూక్ష్మజీవుల జనాభా తారుమారై, పేగు వాపు తీవ్రమవుతుందని 2012లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రయోగం చూపింది. కోవిడ్‌కు ఏడేళ్ల ముందు మాట.

ఈ మధ్య ఆయన దగ్గరకు వచ్చేవాళ్లలో కొత్త రకం ఒకటి కనిపిస్తోంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నిద్రలేమి, దిగులు, తిన్నవెంటనే కడుపు ఉబ్బరం. సంచిలోంచి ప్రొబయోటిక్ సాచెట్లు, ఆన్‌లైన్లో తెప్పించిన ట్రిప్టోఫాన్ క్యాప్సూళ్లు తీసి బల్లమీద పేరుస్తారు. “ఒంట్లో సెరటోనిన్‌లో 90 శాతం పేగులోనే ఉందట కదా సార్?” నిజమే, సుమారుగా అంతే. పేగు సెరటోనిన్ తయారీని అక్కడి బ్యాక్టీరియా ప్రేరేపిస్తాయని 2015లో కాల్‌టెక్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపారు కూడా. కాని ఆ సెరటోనిన్ మెదడుకు వెళ్లదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డు దాటలేదు. మెదడు తనకు కావలసింది తానే ట్రిప్టోఫాన్ నుంచి చేసుకుంటుంది. క్యాప్సూళ్ల సంగతికొస్తే 1989లో అమెరికాలో ఏం జరిగిందో ఆయన చెబుతారు. నిద్రకని ట్రిప్టోఫాన్ మింగినవాళ్లకు భరించలేని కండరాల నొప్పులు వచ్చాయి, రక్తంలో ఇయోసినోఫిల్స్ విపరీతంగా పెరిగాయి. 1500 మందికి పైగా జబ్బుపడ్డారు, 30 మందికి పైగా చనిపోయారు. ఆ కేసుల్లో అత్యధికం జపాన్‌కు చెందిన షోవా డెంకో కంపెనీ సరుకుతో ముడిపడ్డాయి. అందులో కలిసిన మలినాలే ప్రధాన కారణమని అనుమానించారు. తమ క్యాప్సూళ్లు మంచివేనని నమ్మే యువకుడితో ఆయన వాదన పెట్టుకోరు. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారో, ఎన్ని కాఫీలు తాగుతున్నారో రాసుకుని, దిగులు ముదిరినట్టు కనిపిస్తే సైకియాట్రిస్టుకు ఉత్తరం ఇస్తారు.

సూక్ష్మజీవుల వాటా నిజంగా బరువుగా పడేది డయాలసిస్ యూనిట్‌లో. మూత్రపిండాలు చెడితే ఇండాక్సిల్ సల్ఫేటుకు బయటికి దారి ఉండదు. రక్తంలో అది 90 శాతానికి పైగా ఆల్బుమిన్‌ను అంటుకుని ఉంటుంది కాబట్టి యంత్రం కూడా దాన్ని సరిగా లాగలేదు. అది పేగు బ్యాక్టీరియా పనేనని తేల్చిన రుజువు ఒకటుంది: ఆపరేషన్‌లో పెద్దపేగు తీసేసిన డయాలసిస్ రోగుల రక్తంలో ఆ పదార్థం దాదాపు కనిపించలేదని 2011లో ఒక అమెరికన్ బృందం ప్రచురించింది. జపాన్‌లో అంతకు చాలాముందే, 1991లో, పేగులోనే ఇండోల్‌ను పీల్చుకునే ప్రత్యేక బొగ్గు గుళికలకు అనుమతి ఇచ్చారు. వాదనలో ఎక్కడా లొసుగు లేదు. 2 వేల మంది రోగులతో వేరే దేశాల్లో పరీక్షించి, 2015లో ఫలితాలు ప్రకటించారు. గుళికలు మింగినవాళ్లకూ ఉత్తుత్తి మందు మింగినవాళ్లకూ కిడ్నీ చెడే వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అందుకని డయాలసిస్ మీద ఉన్న రిటైర్డ్ టీచరు ఒకాయనతో డాక్టరుగారి మాటలు ప్రతిసారీ మలబద్ధకం దగ్గరే మొదలవుతాయి. పేగులో మలం నిలవ ఉన్నకొద్దీ ఇండోల్ పెరుగుతుంది. పీచు తింటే తగ్గుతుంది, కాని పీచు ఉన్న పండ్లలో, ఆకుకూరల్లో పొటాషియం ఉంటుంది. “నీళ్లు తాగొద్దంటరు, అరటిపండు ముట్టొద్దంటరు, పాలకూర వద్దంటరు, మళ్ల మోషన్ సరిగ్గా అయితుందా అని మీరే అడుగుతరు” అని ఆయన దెప్పుతారు. డైటీషియన్ కూర్చుని కూరగాయ ముక్కల్ని ఉడికించి నీళ్లు వంపేసే పద్ధతి, జామ, యాపిల్ ఎంతవరకు తినొచ్చో లెక్క రాసిచ్చింది. రాత్రి పడుకునే ముందు లాక్టులోజ్ సిరప్. దాన్ని గోరువెచ్చని నీళ్లలో కలుపుకోవచ్చా అని టీచరుగారు అడిగితే, ఆ నీళ్లు కూడా రోజు లెక్కలోనే పడతాయని సిస్టర్ గుర్తుచేసింది.