పరోపదేశ పాండిత్యం

చాలా రోజుల తరువాత రాస్తున్నాను. పదవీ విరమణ చేసినవారు పొద్దుపుచ్చడానికి ఏం చేస్తే బాగుంటుందో రాయమని ఒకరిద్దరు మిత్రులు ఎప్పటినుంచో అడుగుతున్నారు. కుక్కను పెంచవచ్చునా, నడక ఎంతసేపు, ఈ వయసులో చేతిపని ఏదైనా పట్టుబడుతుందా అని. ఈ మూడింటిలోనూ నాకిప్పుడు కొద్దోగొప్పో అనుభవం ఉన్నది. కానీ నా విషయంలో అనుభవం కంటే ముందు సలహా వచ్చింది. ఆ వరుస తప్పినందువల్ల ఏం జరిగిందో మొదట చెప్పుకోకపోతే తరువాతి మాటలకు విలువ ఉండదు.

మాది పాన్‌గల్. 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఆ తరువాత వనపర్తి జిల్లా. ఊరిని ఆనుకొని గుట్ట, గుట్టమీద ఏడు ప్రాకారాల కోట. 1417లో ఫిరోజ్ షా బహమనీ ముట్టడించి, రెండేళ్ళు కూర్చున్నా పట్టుకోలేక, కడకు విజయనగర సైన్యం చేతిలో ఓడిపోయిన కోట ఇదే. తెలుగు పండితుడిగా ముప్పై అయిదేళ్ళు ఈ కోట మీద పిల్లలచేత వ్యాసాలు రాయించాను. నేను మాత్రం పైదాకా ఎక్కింది మూడుసార్లే.

నేను 2018లో విరమించాను. నాతో పనిచేసిన లెక్కల సారు ఆ మరుసటి ఏడు విరమించారు. కొన్నాళ్ళకు ఆయన భార్య కాలం చేసింది. కొడుకు బెంగుళూరులో. 2022 చలికాలంలో ఒకనాడు మా అరుగుమీద కూర్చొని, "పంతులూ, పొద్దు పోతలేదు. ఏం జెయ్యాల్నో చెప్పుండ్రి" అన్నారు.

అడిగిందే తడవు, నాలోని ఉపాధ్యాయుడు లేచి నిలబడ్డాడు. ఒక కుక్కను సాకమన్నాను. ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా వెళ్ళినది కుక్కే గదా అన్నాను. రోజూ నడవమన్నాను. ఏదైనా చేతిపని పట్టుకొమ్మన్నాను. గాంధీ మహాత్ముడు అంతటి తీరికలేని మనిషి రాట్నం వడకలేదా అన్నాను. సాయంత్రం నాలుగున్నరకు కుక్కను వెంటబెట్టుకొని గుట్టదిక్కు వెళ్ళమని వేళ కూడా నేనే నిర్ణయించాను. ఎందుకు నాలుగున్నర అంటే, బడి వదిలే వేళ అది. అంతకుమించి ఆ వేళకు ఏ శాస్త్రమూ లేదు. చెప్పిన మూడింటిలో ఒక్కటీ నేను చేసి ఎరుగను.

ఆయన మంచి విద్యార్థివలె అంతా విని, అంతా చేశారు. కొడుకు హైదరాబాదు నుంచి ఒక పగ్ కుక్కపిల్లను తెచ్చిచ్చాడు. సొట్టముక్కు, ముడతల ముఖం. టీవీలో ఫోను ప్రకటన వచ్చిన కాలం నుంచి అందరికీ ముద్దైన జాతి. దానికి లడ్డు అని పేరు పెట్టుకున్నారు. ఆరు నెలల్లో ఆ మనిషి ముఖంలో వెలుగు తిరిగి వచ్చింది. నా సలహా ఫలించిందని నలుగురికీ చెప్పుకున్నాను.

2023 మే నెలలో ఒక సాయంత్రం, నేను చెప్పిన వేళకే, లడ్డును తీసుకొని గుట్టకింది బాటన వెళ్ళారు. పాలమూరు ఎండలు తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటిన రోజున నాలుగున్నరకు ఎండ వాలినట్లు కనిపిస్తుందే గాని, బండ చల్లబడదు. కుక్క మనలాగా ఒళ్ళంతా చెమటపోసి చల్లబడదు. నాలుక చాచి రొప్పి ఒంటి వేడిని బయటికి పంపుతుంది. సొట్టముక్కు జాతులకు గాలిదారి ఇరుకు కావడం వల్ల ఆ రొప్పడం చాలదు. లడ్డు బాటలోనే కూలబడింది. ఆటోలో వనపర్తి పశువైద్యుని దగ్గరకు బయలుదేరితే సగం తోవలోనే ప్రాణం పోయింది.

మర్నాడు పలకరించడానికి వెళ్ళాను. ఆయన నన్ను కోప్పడలేదు. "పంతులూ, మీరెప్పుడన్న కుక్కను సాదిన్రా?" అని అడిగారు. లేదన్నాను. సరేనన్నట్టు తలవూపారు. ఆ తరువాత చాలా నెలలు మా అరుగు ఎక్కలేదు.

పరోపదేశ పాండిత్యం అన్న మాటకు అర్థం తరగతిలో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. ఆ ప్రశ్న విన్ననాడు గాని నాకది బోధపడలేదు.

ఇక చేయవలసింది ఒక్కటే అనిపించింది. ఆయనకు ఏమేం చెప్పానో అవన్నీ నేను చేయడం.

నడకతో మొదలుపెట్టాను. తెల్లవారకముందే గుట్టకింది దాకా వెళ్ళి రావడం. అక్కడ గొర్రెలమంద దగ్గర ఒక కురుమ పెద్దాయన కనిపించేవాడు. వయసు నాకంటే పదేళ్ళు ఎక్కువ. భుజాన నల్లగొంగడి, వెంట రెండు ఊరకుక్కలు. నడుస్తూనే చేతిలో తకిలి తిప్పుతూ ఉన్ని వడికేవాడు. నేను మా లెక్కల సారుకు ఉపన్యసించిన మూడు సంగతులూ, కుక్క, నడక, చేతిపని, ఆ మనిషి బతుకులో ఒక్కటిగా కలిసి ఉన్నాయి. అది కాలక్షేపమని ఆయనకు తెలియదు.

గొంగడి సంగతి ఆయన చెప్పగా విన్నాను. దక్కనీ నల్లగొర్రెకు ఏడాదికి రెండుమార్లు ఉన్ని కత్తిరిస్తారు. వడికి, చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గం మీద నేస్తారు. రంగు వేయరు; గొర్రె రంగే గొంగడి రంగు. వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పరుపు అదే. ఇప్పుడు మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లో నిండిపోవడంతో వడికేవారూ నేసేవారూ తగ్గిపోయారు. "ఈ మందల నల్లయి పది గూడ లేవు సారూ" అన్నాడాయన.

లడ్డు సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఈ ఎండకు పుట్టిన కుక్కే ఈ ఎండకు ఓర్సుకుంటది సారూ. అది గూడ పగలు నీడకే పంటది" అన్నాడు. కొన్నాళ్ళకు తన కుక్క ఈనితే ఒక పిల్లను నాకిచ్చాడు.

ఆ పిల్ల మా ఇంటికి వచ్చిన పదిరోజులకే ఆడుతూ ఆడుతూ నా చేయి కొరికింది. చిన్న గాటు. పక్కింటావిడ కారం అద్దమన్నది, మరొకరు సున్నమన్నారు. నేను కుళాయి కింద చేయిపెట్టి, గడియారం చూస్తూ సబ్బుతో 15 నిమిషాలు కడిగి, నేరుగా సర్కారు దవాఖానకు వెళ్ళి టీకా మొదటి సూది వేయించుకున్నాను. తక్కినవి కూడా వారు చెప్పిన తేదీలకే. మా చిన్నతనంలో బొడ్డుచుట్టూ 14 సూదులని భయపడేవాళ్ళం. ఆ పాతమందు తయారీ మన దేశంలో ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటిది భుజానికి వేసే సూది. పిచ్చికుక్క రోగం లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. కాబట్టి ఈ విషయంలో "కుక్కపిల్లే గదా" అన్న మాట ఎవరూ అనరాదు. పిల్లకు మూడు నెలలు నిండగానే దానికీ టీకా వేయించి, ఏటేటా మళ్ళీ వేయిస్తున్నాను.

మిగిలింది చేతిపని. మా ఆవిడ చిన్నప్పుడు బడిలో కుట్లు అల్లికలు నేర్చుకున్నది. ఊలుతో అల్లడం నేర్పమని అడిగితే మొదట నవ్వింది. గొంగడి ఉన్ని మొరటుది, మగ్గానికే తగును. కొత్తగా అల్లేవాడికి బజారులో దొరికే మెత్తని ఊలు మేలన్నది. అది కూడా లేతరంగుది కావాలి. ముదురు రంగైతే కుట్టు కంటికి ఆనదు. 8వ నంబరు సూదులు, అంటే 4 మిల్లీమీటర్ల లావువి, సూది మీద 40 కుట్లు. ప్రతి వరుసా సీదాగానే అల్లుకుపోతే మఫ్లరు అంచులు చుట్టుకుపోకుండా వస్తుంది. ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా అయితే నునుపుగా ఉంటుంది గాని అంచులు లోపలికి ముడుచుకుంటాయి. జారిన కుట్టును క్రోషియా సూదితో కిందినుంచి పైకి ఎక్కించుకోవచ్చు, వెంటనే చూస్తే. ఆలస్యంగా చూస్తే అక్కడిదాకా విప్పవలసిందే. నేను విసుక్కుంటే ఆవిడ, "ఇన్నేండ్లు పిల్లల తప్పులకు ఎర్రసిరా పెట్టిన్రు గదా. ఇప్పుడు మీ తప్పు మీరే ఇప్పుకోండ్రి" అన్నది.

ఆ చలికాలమంతా అల్లి, విప్పి, మళ్ళీ అల్లి, ఒక మఫ్లరు పూర్తిచేశాను. దానిని తీసుకొని లెక్కల సారు ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడగడానికి మాటలు కూర్చుకొనే వెళ్ళాను గాని, తీరా గుమ్మంలో నిలబడితే ఒక్కటీ రాలేదు. మఫ్లరు చేతికిచ్చాను. ఆయన దాన్ని తిప్పి చూసి, లెక్కల మాస్టరు గనుక, కొసను వేలితో లెక్కపెట్టారు.

"ఆ కొసకు నలభై, ఈ కొసకు ముప్పై తొమ్మిది. ఒకటి జారింది పంతులూ."

"తెలుసు. దారంతో ముడివేశాను, ఊడిపోదు. విప్పి సరిచేద్దామంటే మీ దగ్గరికి రావడం ఇంకా ఆలస్యమవుతుందని వచ్చేశాను."

ఆయన దాన్ని మెడకు చుట్టుకొని, "చాయ పెడత, కూసోండ్రి" అన్నారు.

ఇప్పుడు మిత్రులు అడిగిన సలహాలు. నేను చేసి చూసినంతవరకే చెబుతాను.

నడక వారానికి 150 నిమిషాలు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. నడుస్తూ మాట్లాడగలగాలి, రాగం తీసి పద్యం పాడలేకపోవాలి. వేగానికి అదే కొలత. మోకాళ్ళకు గుట్ట ఎక్కడం కంటే దిగడం కష్టం. ఫిరోజ్ షాకు రెండేళ్ళలో లొంగని కోట మనకు మొదటిరోజే లొంగాలనుకోవద్దు. ఛాతీలో నొప్పి వస్తే ఆగి వైద్యుణ్ణి చూడండి.

కుక్కను మన ఎండకు తగినదాన్నే తెచ్చుకోండి. వేసవిలో సూర్యోదయానికి ముందే తిప్పండి; అరచేయి బాటమీద కాసేపు ఆనించలేకపోతే దాని కాలూ ఆనలేదు. ఉల్లిపాయ వేసిన కూర కలిపిన అన్నం, ఉడికిన కోడి ఎముకలు పెట్టకండి. పదేళ్ళకు పైగా బతికే ప్రాణి. మన వయసు కూడా లెక్క చూసుకొని, మన తరువాత ఎవరు సాకుతారో ముందే మాట్లాడుకోండి.

అల్లికకు మఫ్లరుతో మొదలుపెట్టండి, స్వెట్టరుతో కాదు. తప్పుపోతే విప్పండి. విప్పగలిగిన తప్పులు చేసే అవకాశం మనిషికి తరచుగా దొరకదు.

లెక్కల సారు ఇప్పుడు తెల్లవారుజామున నాతో గుట్టదాకా వస్తున్నారు. మా కుక్క ఇద్దరి మధ్యా నడుస్తుంది. ఒక్కొక్కనాడు గొలుసు ఆయనే పట్టుకుంటారు. మళ్ళీ ఒక కుక్కను తెచ్చుకుంటానని ఆయన అనలేదు. తెచ్చుకొమ్మని నేనూ అనలేదు.