అరిగిన మర

చిన్న వస్తువు చెడినప్పుడే దాని పెద్దరికం మనకు తెలిసివస్తుంది. బొటనవ్రేలంత పొడవైనా లేని ఒక ఇనుప మర ఇంటిలోని వృద్ధురాలి స్వేచ్ఛను హరించగలదంటే అతిశయోక్తిగా తోచవచ్చును. కాని మా ఇంట జరిగినది అదియే.

మా దాదీమా గది తలుపు టేకుది, మిక్కిలి బరువైనది. దాని పైబందు సడలి, తలుపు ఒక ప్రక్కకు ఒరిగి, అడుగుభాగం నేలను రాచుకొనసాగింది. ఎనభై ఏండ్లు దాటిన ఆమె ఫజ్ర్ నమాజుకై లేచి, వజూ చేసుకొనుటకు వెలుపలికి రాబోయి, ఆ తలుపును లాగలేక, మమ్ములను నిద్ర లేపుటకు మనసొప్పక, చీకటిలో మంచంపైనే కూర్చుండిపోయేది. ఈ సంగతి ఆమె ఎవరితోనూ చెప్పలేదు. ఒకనాటి తెల్లవారుజామున మా అమ్మగారు ఆ తలుపు నెట్టి లోనికి వెళ్ళినప్పుడుగాని మాకు తెలియలేదు.

బందు విప్పి మరల బిగించుటకు పూనుకొన్నాను. మూడు మరలలో రెండు తేలికగానే వచ్చినవి. మూడవది కదలలేదు. పూర్వం ఎవరో పనివాడు వాటిని త్రిప్పి ఎక్కించుటకు బదులు, మేకులవలె సుత్తితో కొట్టి దింపినాడు. మన ప్రాంతాలలో తరచుగా కనిపించే అలవాటే ఇది. అట్లు కొట్టినప్పుడు కొయ్య నారలు నలిగి మరకు పట్టు తప్పుతుంది. తలపైని గాడి అణగిపోతుంది. రెండు మరలు వదులగుటకూ, మూడవదాని తల చెడుటకూ ఆ సుత్తిదెబ్బలే కారణం. దానిపై ఏండ్ల తరబడి తుప్పు, రంగుపూతలు పేరుకొన్నవి.

ఆ తలపై ఉన్నది కూడిక గుర్తువంటి గాడి. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరవాసి హెన్రీ ఫిలిప్స్ 1936లో పేటెంట్లు పొంది వ్యాప్తికి తెచ్చిన నమూనా అది. స్క్రూడ్రైవరు మొన దానంతటదే గాడి నడుమకు చేరుతుంది కనుక, మోటారు కార్ల కర్మాగారాలకు అది ఎంతగానో అనుకూలించింది. అయితే గాడి గోడలు ఏటవాలుగా ఉన్నందున, బలం మితిమీరితే మొన పైకి జారుతుంది. జారిన ప్రతిసారీ గాడి మరికొంత అరుగుతుంది. కెనడా దేశస్థుడు పీటర్ రాబర్ట్‌సన్ 1908లోనే రూపొందించిన చతురస్రపు గాడిలో ఈ జారుడు తక్కువ. బలం చాలనిచోట మరింత బలం చూపుట మానవ స్వభావం. ఫిలిప్స్ గాడి ముందు ఆ స్వభావమే పనికి శత్రువగుచున్నది.

మా వీధిలోని వృద్ధ వడ్రంగిని పిలిచాను. అందరూ ఆయనను ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆయన మర వంక చూడనైనా చూడక, "బేటా, ముందు తలుపు భారం దింపు. భారం మోసే మర ఎవరి మాటా వినదు" అన్నారు. తలుపు క్రింద చెక్క ముక్కలు దోపించారు. దబ్బనంతో గాడిలోని రంగును గీకివేశారు. సైకిల్ ట్యూబు ముక్కను గాడిపై పరచి, స్క్రూడ్రైవరును గట్టిగా అదిమి త్రిప్పిచూశారు; ఫలితం లేకపోయింది. అప్పుడు కాలిన టంకపు కడ్డీని మర తలపై కొంతసేపు ఆనించి, చల్లారనిచ్చారు. వేడికి ఇనుము వ్యాకోచించి, చల్లారి సంకోచించినప్పుడు తుప్పు పట్టు విరుగుతుందట. పిమ్మట హాక్సా బ్లేడు ముక్కతో తలపై అడ్డంగా కొత్త గాడి కోశారు. బల్లపరుపు మొనగల స్క్రూడ్రైవరును అందులో నిలిపి, మొదట రవ్వంత కుడికి బిగించి, తరువాత ఎడమకు త్రిప్పారు. కిర్రుమని మర లొంగింది. బందు రేకుపై రెండు గీతలు మాత్రం మిగిలినవి.

వదులైన రంధ్రాలలో జిగురులో ముంచిన టేకు పుల్లలు దిగగొట్టి, ఒక దినం ఆరనిచ్చి, సన్నని రంధ్రాలు తొలిచి, సబ్బు రాచిన పొడుగాటి మరలను చేతితోనే త్రిప్పి ఎక్కించారు. సుత్తి సంచిలోనే ఉండిపోయింది.

జల్దీ కా కామ్ షైతాన్ కా అని ఉర్దూలోనూ, నిదానమే ప్రధానమని తెలుగులోనూ మన పెద్దలు చెప్పినది ఒక్కటే. ఆ మాటలో సోమరితనానికి చోటులేదు. నిదానమనగా భారమెక్కడున్నదో ముందుగా తెలిసికొనుట. సుత్తిదెబ్బతో అరనిమిషం మిగుల్చుకొన్నవాడు ఆ పొదుపుకు మూల్యం చెల్లించలేదు. దానిని చెల్లించినది ఏ పాపమెరుగని వృద్ధురాలు. మనం తొందరలో చేసే పనులకు మూల్యం చెల్లించేవారు సాధారణంగా మన కంటికి కనబడరు.

సోదర విద్యార్థులారా! మన ప్రయోగశాలలలో సూత్రాలు నేర్చుకొంటున్నాము. వాటితోపాటు నెలకొక పూట ఇటువంటి ఉస్తాదులను రప్పించి చేతిపని నేర్పించినచో, కళాశాల కమిటీవారు మనకు గొప్ప మేలు చేసినవారగుదురు. అంతవరకు మీ ఇండ్లలో నేలను రాచుకొనే తలుపేదైనా ఉన్నదేమో చూడండి. దాని ఆవల ఎవరైనా ఫిర్యాదు చేయక కూర్చుని ఉండవచ్చును.