వేడి రాని హీటర్

మినియాపొలిస్‌లో జనవరి. సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. కారు హీటర్ చల్లగాలి కొడుతోంది. "బటన్ సరిగ్గా నొక్కి ఉండవు" అన్నాడు మా ఆయన, దుప్పట్లోంచే.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే బానెట్ ఎత్తి చూశాను. కూలెంట్ గీత దాకా ఉంది. అరగంట నడిపినా ఉష్ణోగ్రత ముల్లు లేవలేదు. ఆపి, హీటర్ గొట్టాలు తాకాను. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే హీటర్ కోర్ పూడుకుపోయిందనుకోవచ్చు. రెండూ గోరువెచ్చగానే ఉన్నాయి. థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయి ఇంజన్‌ని వేడెక్కనివ్వడంలేదు. (రోజూ గిన్నెల వేడి చూసే చేతులకి ఇదేం బ్రహ్మవిద్య కాదు.)

షాపులో అదే చెప్పాను. మెకానిక్ నా మాట విని, జవాబు మా ఆయనకి చెప్పాడు. థర్మోస్టాట్ మార్చారు. బిల్లు ఆయన పేరు మీదే, కారూ అంతే.

తిరిగొస్తుంటే వేళ్ళకి వెచ్చగాలి తగిలింది.

"చెప్పానుగా, చిన్న విషయమేనని" అన్నాడు.