వెళ్ళింది... తిరిగొచ్చింది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిల్లలకి సెలవులిస్తే వైజాగ్ ప్రయాణం తప్పదు. సింహాద్రి అప్పన్న దర్శనం, కైలాసగిరి, సాయంత్రానికి రామకృష్ణా బీచ్. మురీ మిక్చర్ పొట్లం ఖాళీ చేశాక, ఒడ్డున నిలబెట్టిన సబ్‌మెరైన్ చూడందే ఎవరూ వెనక్కి రారు.

ఆ క్యూలో ఓ మాట తరచూ వినపడుతుంది. ‘ఘాజీని ముంచింది ఇదేరా!’ అని ఓ నాన్న కొడుక్కి గొప్పగా చెబుతుంటాడు. 2017లో ‘ఘాజీ’ సినిమా వచ్చాక ఇలాంటి నాన్నలు ఎక్కువయ్యారు. నిజానికి ఘాజీ మునిగిన రాత్రి ఈ కుర్సురా బంగాళాఖాతంలోనే లేదు!

ఐఎన్ఎస్ కుర్సురా 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నౌకాదళంలో చేరింది. పొడవు 91 మీటర్లు, మనుషులు 75 మంది. పైకి తేలినప్పుడు డీజిల్ ఇంజన్లతో బ్యాటరీలు నింపుకోవాలి, నీళ్ళలోకి దిగాక వాటితోనే నడవాలి. 1971 యుద్ధకాలంలో దీన్ని అరేబియా సముద్రంలో గస్తీకి పంపారు. ఎదుటి ఓడ ఎవరిదో కచ్చితంగా తేలందే టార్పెడో వదలకూడదని ఆదేశం. ఒక్క ఓడనూ ముంచకుండానే బొంబాయికి తిరిగొచ్చింది.

మరి ఘాజీ? అది అమెరికాలో తయారైంది. 1945లో ‘డయాబ్లో’ పేరుతో ఆ దేశ నౌకాదళంలో చేరింది. 1964లో అద్దె మీద పాకిస్థాన్ చేతికొచ్చింది. 1971 నవంబరు 14న కరాచీలో బయల్దేరి, సింహళం చుట్టి మన తీరానికి వచ్చింది. గురి విమానవాహక నౌక విక్రాంత్. అప్పటికే మనవాళ్ళు విక్రాంత్‌ని అండమాన్ వైపు తరలించి, అది విశాఖ దగ్గరే ఉందన్న భ్రమ కల్పించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట ఘాజీ పేలిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల వల్లనేనని మన నౌకాదళం చెబుతుంది. లోపల జరిగిన ప్రమాదమని పాకిస్థాన్ అంటుంది. సముద్రం మీద చమురు తెట్టు, తేలుతున్న లైఫ్ జాకెట్ మన జాలర్ల కంటపడ్డాయి. లోపలున్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు.

ఓసారి అమ్మతో కుర్సురా లోపలికి వెళ్ళాను. గుండ్రటి తలుపుల్లోంచి తలవంచి దూరుతూ, టార్పెడోల పక్కనే వేసిన పడకలు చూసింది. ఇంజన్లు, పెరిస్కోపు ఆమెకు పట్టలేదు. దారి చూపిస్తున్న మాజీ నావికుడిని ఒకటే అడిగింది.

“యుద్ధానికెళ్ళినోళ్ళు అందరూ తిరిగొచ్చీసినారా, బాబూ?”

“అందరూ వచ్చేశారమ్మా” అన్నాడాయన.

కోరుకొండ సైనిక్ స్కూలు ఉన్న ప్రాంతం మనది. మిలటరీలో కొడుకున్న ఇల్లు మన పల్లెల్లో కొత్త కాదు. వేటకెళ్ళిన తెప్ప ఆలస్యమైతే ఒడ్డున నిలబడిపోయే ఆడవాళ్ళు భావనపాడులోనూ ఉన్నారు, కళింగపట్నంలోనూ ఉన్నారు. ఎవరిని ఎవరు ముంచారన్నది కాదు, వెళ్ళినవాడు వచ్చాడా లేదా అన్నదే వాళ్ళకి యుద్ధం. ఆ లెక్కన చూస్తే, ఏ ఓడనీ ముంచని కుర్సురా చరిత్ర చిన్నదేం కాదు. 31 ఏళ్ళ సర్వీసు, 73,500 నాటికల్ మైళ్ళ ప్రయాణం. 2001 ఫిబ్రవరి 27న పదవీ విరమణ. 2002 ఆగస్టు నుంచి ఇదిగో, ఈ ఒడ్డున.

ఘాజీకి ఆ అదృష్టం దక్కలేదు. కొత్తగా వచ్చిన లోతునీటి రక్షణ వాహనంతో మన నౌకాదళం దాని శిథిలాలను గుర్తించిందని 2024లో వార్తలొచ్చాయి. చనిపోయినవాళ్ళకు గౌరవంగా వాటిని తాకకుండా వదిలేశారట.

ఈసారి పిల్లల్ని తీసుకెళ్తే బీచ్‌లోనే ఉన్న ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకాన్నీ చూపించండి. 1971 విజయానికి గుర్తుగా కట్టింది. గర్వపడాల్సిందే. ఆ తర్వాత ఒక్క నిమిషం సముద్రం వైపు తిప్పి, అక్కడ నీళ్ళ కింద ఎవరున్నారో కూడా చెప్పండి. వాళ్ళ కోసం కరాచీలో ఎదురుచూసినవాళ్ళూ అమ్మలే.